హోముల్లోని పిల్లలను ఇళ్లకు పంపేయడం సరైనదేనా?

కృష్ణాతీరం:
మా పక్క ఊళ్లో ఒక ప్రైవేటు హోము మూసేస్తున్నారు. అక్కడి పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఉన్నారు. వాళ్లను ఇళ్లకు పంపి, పిల్లల రక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 స్పాన్సర్‌షిప్ ఇప్పిస్తామంటున్నారు. 2015 బాల న్యాయ చట్టం ప్రకారం కూడా పిల్లలను సంస్థలో పెట్టడం ఆఖరి మార్గమే కావాలి. కానీ వాళ్లు వెళ్లబోయే ఇళ్లు కొన్ని నేను చూశాను. నాకు భయంగా ఉంది. మీరేమంటారు?

పాలమూరు పిల్లోడు:
పంపాల్సిందే. నేను చిన్నప్పటి నుంచి హోములోనే పెరిగాను. కొట్టలేదు, పస్తు పెట్టలేదు, చదివించారు. నాన్న పోయాక అమ్మ కూలికి పోతూ సాకలేక అక్కడ చేర్చింది. ఆమె చేతిలో నెలకు ఇంత అని డబ్బు పడి ఉంటే నేను ఆమె దగ్గరే పెరిగేవాణ్ని. బయటికొచ్చాక బ్యాంకులో ఖాతా తెరవబోతే నామినీ అన్నచోట ఎవరి పేరు రాయాలో తెలియలేదు. అమ్మ అప్పటికే లేదు. మేనమామలకు నా ముఖం తెలియదు. అద్దెకు గది అడిగితే మొదటి ప్రశ్న "మీ వాళ్లెవరు?" అని. ఏ హోమూ నాకు ఇవ్వలేకపోయింది అదే.

చౌరస్తా:
4,000తో పిల్లను పెంచడమా? గ్యాస్ బండ, పాలు, బడి ఆటో... ఎవరు వేశారండీ ఈ లెక్క?

బాలసదనం అక్క:
తమ్ముడూ, నీ బాధ కాదనను. నేను ఆడపిల్లల హోములో చాలా ఏళ్లు పనిచేశాను. 2020లో కొవిడ్ రాగానే పిల్లలను ఇళ్లకు పంపారు. దేశం మొత్తం మీద 2,27,518 మందిలో 1,45,788 మందిని అలా పంపినట్టు ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుకు లెక్క వచ్చింది. చదువు కోసం ఒక్కొక్కరికి నెలకు 2,000 ఇవ్వమని కోర్టు చెప్పింది. మా దగ్గర తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, లెక్కల్లో ముందుండేది, బళ్లు తెరిచాక తిరిగి రాలేదు. చాన్నాళ్లకు టీసీ కోసం వచ్చింది. కాలి వేళ్లకు మెట్టెలు. మిరపకాయలు కోసి కోసి చేతులు మండుతున్నాయని ఆఫీసులో కూర్చున్నంతసేపూ అరచేతులు ఊదుకుంటూనే ఉంది. ఆ పిల్లకు ఇల్లు ఏమిచ్చిందో చెప్పు.

పాలమూరు పిల్లోడు:
@చౌరస్తా, ఆ 4,000 పూర్తి ఖర్చుకు కాదు, తల్లి సంపాదనకు తోడు.

చౌరస్తా:
నెలనెలా పడితే కదా తోడు. మా బావగారు పోయాక చెల్లెలి పిల్లలకు మంజూరైంది. నెలల తరబడి రాలేదు. ఈలోపు ఫీజులకు వడ్డీకి అప్పు తెచ్చాం. ఇలాంటి పథకాన్ని నమ్మి హోములు మూసేస్తారా?

పాలమూరు పిల్లోడు:
డబ్బు ఆలస్యమైందని మీ చెల్లెలు పిల్లలను హోములో వేసిందా?

చౌరస్తా:
లేదు. మా అమ్మ ఉంది కాబట్టి గట్టెక్కాం. అందరికీ ఆసరాగా అమ్మమ్మలు ఉండరు.

ఉక్కునగరం:
డబ్బు గురించే మాట్లాడుతున్నారు, పిల్ల మెదడు సంగతి చూడండి. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో సంస్థల్లో ఉన్న 136 మంది పసిపిల్లలను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి, ఒక భాగాన్ని పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. రెండేళ్లలోపే ఇల్లు చేరినవాళ్లు చాలా విషయాల్లో ఎక్కువగా కోలుకున్నారు. షిఫ్టుకో ఆయా మారేచోట పసిబిడ్డ ఎవరిని అల్లుకుంటాడు?

బాలసదనం అక్క:
ఉయ్యాల్లో పిల్లల లెక్క తెచ్చి పద్నాలుగేళ్ల ఆడపిల్లకు అంటగడతారా? 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. మా హోములో ఉన్నన్నాళ్లు నా పిల్లల్లో ఒక్కరి మెడలోనూ తాళి పడలేదు.

పాలమూరు పిల్లోడు:
"నా పిల్లలు" అనకండి అక్కా. వాళ్లకు తల్లులున్నారు. పేదరాలైన తల్లి బిడ్డ గొంతు కోస్తుందనేగా మీ ఉద్దేశం? జీతం తీసుకుని చూసుకున్నవాళ్లకు మా అమ్మ కంటే ఎక్కువ ప్రేమ ఉంటుందంటే నేను ఒప్పుకోను.

బాలసదనం అక్క:
జీతం మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను బాబూ. జ్వరంతో ఉన్న పిల్లను రాత్రి ఒంటిగంటకు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లి, తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాను. దానికి జీతం ఎవరూ లెక్కకట్టలేదు. మీరు ఆ మాట వెనక్కి తీసుకోవాలి.

నిర్వాహకుడు:
ఇద్దరూ వ్యక్తిగతంగా పోవద్దు. విషయం మీద ఉండండి.

పాలమూరు పిల్లోడు:
జీతం మాట తీసేస్తున్నాను. మిగతాది తీయను.

బాలసదనం అక్క:
అయితే నేనూ సూటిగానే చెబుతాను. కొన్ని ఇళ్లను నేను నమ్మను. తల్లి పొద్దున్నే పనికి పోయి చీకటిపడ్డాక వస్తుంది. అంతసేపు ఆ పిల్ల ఎవరి కళ్లముందు ఉంటుంది? ఇంట్లో తాగుబోతు సవతి తండ్రి, పక్క గదిలో అతని తమ్ముడు. తల్లికి అది తెలుసు. తెలిసే, ఏడుస్తూ తెచ్చి మా దగ్గర వదిలింది. మీరు తల్లిని నమ్మమంటున్నారు. ఆ తల్లి తీసుకున్న నిర్ణయాన్ని మాత్రం ఎందుకు నమ్మరు? "4,000 ఇస్తాం, నువ్వే ఉంచుకో" అంటే ఆమె మాట విన్నట్టా?

కృష్ణాతీరం:
నేను చూసిన ఇళ్లలో ఒకటి అచ్చం ఇలాగే ఉంది. నా భయం అదే.

పాలమూరు పిల్లోడు:
అలాంటి ఇంటికి పంపమని నేను అనడం లేదు. కానీ మా అమ్మ అలా నిర్ణయించుకోలేదు. ఆమెకు చూపించిన దారి ఒక్కటే, ఆ దారిలోనే నడిచింది. ముందు బిడ్డను ఉంచుకునే దారి చూపించండి. వద్దంటే కేజీబీవీలో, అంటే ఆడపిల్లల సర్కారు హాస్టల్ బడిలో చేర్పించండి. అక్కడ చేర్చేది అమ్మే, సెలవులకు తీసుకెళ్లేదీ అమ్మే. రేషన్ కార్డులో పిల్ల పేరు ఉంటుంది, పెద్దమ్మలు చిన్నమ్మలు తెలుస్తారు. అంతేగానీ తిండి, చదువు కోసం బాలల సంక్షేమ కమిటీ ఆర్డరుతో హోముకు పంపడమేమిటి?

బాలసదనం అక్క:
కేజీబీవీ ఆరో తరగతి నుంచి కదా. అంతకంటే చిన్నపిల్ల సంగతి?

పాలమూరు పిల్లోడు:
చిన్నపిల్లకు ఇంకా ఎక్కువ అమ్మ కావాలి.

బాలసదనం అక్క:
పంపిన తర్వాత ఎవరు చూసొస్తారు? కృష్ణాతీరం గారూ, మీరు అధికారులను అడగాల్సింది డబ్బు గురించి కాదు. ఏ పిల్ల ఇంటికి నెలనెలా ఎవరు వెళ్తారో మనిషి పేరు రాసి ఇమ్మనండి. అది చేతికొచ్చేదాకా ఒక్క పిల్లనూ కదలనివ్వకండి.

పాలమూరు పిల్లోడు:
చూసొచ్చే మనిషి కావాలని నేనూ అంటాను. ఆ పేరు వచ్చేదాకా పిల్లలందరినీ ఆపితే ఏళ్లు పడుతుంది. ఆ లోపు నాలాగే పెరిగిపోతారు.

నేనొక అమ్మను:
ఇదంతా చదువుతున్నాను. మా ఆయన పోయారు. పాపను హోములో వేయమని మావాళ్లు ఒత్తిడి చేస్తున్నారు. ఈ డబ్బుకు ఎక్కడ అడగాలి?

బాలసదనం అక్క:
అమ్మా, మీ జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లండి, కలెక్టరేట్‌లో అడిగితే చెబుతారు. ఏడాది ఆదాయం పల్లెలో 72,000, పట్నంలో 96,000 దాటకూడదు. భర్త మరణ ధ్రువపత్రం, ఆదాయ పత్రం, పాప ఆధార్, బడి సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పాపను మీ దగ్గరే ఉంచుకోగలిగితే ఉంచుకోండి.

చౌరస్తా:
బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకైందో లేదో ముందే చూసుకోండి. మా చెల్లెలి డబ్బు ఆగింది అక్కడే.