నీళ్లు పచ్చగా ఉన్నాయి, కిట్‌లో ఫాస్ఫేట్ మాత్రం సున్నా. ఎందుకు?

ప్రశ్న: మూడు వారాలుగా ఒక సరస్సు నీళ్లు పరీక్షిస్తున్నాను. సీసాలో పట్టి చూస్తే పచ్చరంగు కలిపినట్టు ఉంటాయి. రంగు మారే కిట్‌తో ఫాస్ఫేట్ చూస్తే మాత్రం ప్రతిసారీ సున్నానే. కిట్ పాడైందా, నేనే ఎక్కడైనా తప్పు చేస్తున్నానా?

జవాబు 1: కిట్ బాగానే ఉండి ఉంటుందండి. అది పట్టుకునేది నీటిలో కరిగి ఉన్న ఫాస్ఫేట్‌నే. దాన్ని నాచు ఎప్పుడో తినేసింది. ఆ ఫాస్ఫేట్‌లోని భాస్వరం ఎక్కడికీ పోలేదు, ఆ పచ్చదనంలోనే ఉంది! మీరు చూడాల్సింది మొత్తం భాస్వరం. వడగట్టని నీటిని ఆమ్లంతో ఉడికించి కొలుస్తారు కాబట్టి ల్యాబ్‌కి ఇవ్వాల్సిందే. సరస్సులో పోషకాల స్థాయికి స్కోరు వేసేందుకు 1977లో కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూచిక ప్రకారం లీటరుకు 24 మైక్రోగ్రాములుంటే స్కోరు 50. అది దాటితే సరస్సులో పోషకాలు ఎక్కువైనట్టే. అంత తక్కువ మోతాదు కంటితో రంగు పోల్చే కిట్‌కి అందడం కష్టం.

జవాబు 2: శాంపిల్ సీసాని డిటర్జెంట్‌తో కడగకండి, అందులోనూ ఫాస్ఫేట్ ఉండొచ్చు. ఈలోగా నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూపే సెక్కీ పళ్లెం వాడండి. 20 సెం.మీ. వెడల్పు, నలుపు తెలుపు భాగాలు. పడవ నీడ పడే వైపు, మిట్టమధ్యాహ్నం తాడుతో దించండి. మాయమైన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనబడిన లోతు, రెండింటి సగటు తీయండి. అదే కార్ల్‌సన్ సూచికలో 2 మీటర్లయితే స్కోరు 50, 1 మీటరైతే 60. చలువ కళ్లద్దాలు తీసేసి చూడాలండోయ్, నేను ఓ సీజనంతా పెట్టుకునే చూశాను.

ప్రశ్న అడిగినవారు: ఇవాళ దించాను. 60 సెం.మీ.లోనే మాయమైంది. లెక్కేస్తే 67 వచ్చింది. కాకపోతే మొన్నటి వానకి మట్టినీళ్లు కూడా చేరాయి.

జవాబు 1: అయితే ఆ 67ని ఇప్పుడే నమ్మొద్దు. పళ్లేనికి మట్టీ ఒకటే, నాచూ ఒకటే. భాస్వరంతో పాటు క్లోరోఫిల్-ఎ (నాచులో ఉండే పచ్చరంగు పదార్థం) పరీక్ష కూడా చేయించండి. క్లోరోఫిల్ తక్కువ వచ్చిందంటే నీళ్లు మసకబారింది మట్టివల్లే. ఇంకోటి, రిపోర్టులో అంకె భాస్వరంగా రాశారా, ఫాస్ఫేట్‌గా రాశారా అడగండి. రెండింటికీ దాదాపు 3 రెట్లు తేడా. ఒకసారి రెండు ల్యాబ్‌ల కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, సరస్సు నాశనమైపోయిందని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే యూనిట్ల గొడవ.

జవాబు 2: ఆక్సిజన్ కొలిచేటట్టయితే తెల్లవారుజామునే వెళ్లండి. మధ్యాహ్నం నాచు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. సరస్సు అడుగున ఉన్న నీళ్లు కూడా చూడండి, అక్కడ ఆక్సిజన్ లేకపోతే బురదలో ఇనుముకి అంటుకున్న భాస్వరం మళ్లీ నీటిలోకి వచ్చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు: సరేనండి. మట్టినీళ్లు తేరుకున్నాక రెండు లోతుల నుంచీ శాంపిళ్లు తీసి, ఐస్‌లో పెట్టి ల్యాబ్‌కి ఇస్తాను.