పెద్ద సి ప్రాజెక్టులో హెడర్ డిపెండెన్సీలు చేత్తో రాసే బాధ ఎలా తప్పించుకోవాలి?

బెజవాడ_బిల్డ్

నమస్కారం అండీ. వేబ్రిడ్జిలకూ గుంటూరు మిర్చి యార్డు కాటాలకూ వెళ్లే ఫర్మ్‌వేర్, దాంతోపాటు సర్వర్ ప్రోగ్రాం, అన్నీ ఒకే సోర్స్ ట్రీలో ఉన్నాయి. 38 డైరెక్టరీలు, దాదాపు 1,200 సి ఫైళ్లు. డైరెక్టరీకో మేక్‌ఫైల్ (ఏ ఫైలు దేన్నుంచి ఎలా తయారవ్వాలో మేక్ ప్రోగ్రాంకి చెప్పే ఫైలు) ఉంది, పైనున్న మేక్‌ఫైల్ ఒక్కోదాంట్లోకి దిగి మళ్లీ మేక్ నడుపుతుంది. ఏ ఫైలుకు ఏ హెడర్ కావాలో తేల్చడానికి "మేక్ డిపెండ్" అని విడిగా కొట్టాలి. అది కొట్టడం ఎవరికీ గుర్తుండదు.

తూకం.హెచ్‌లో స్ట్రక్చర్ మారిస్తే కంపైల్ అయిన కొన్ని .ఓ ఫైళ్లు పాత సైజుతోనే ఉండిపోతున్నాయి, నడిపితే చెత్త విలువలు. ఏదైనా హెడర్ తీసేస్తే "నో రూల్ టు మేక్ టార్గెట్" అని ఆగిపోతుంది. -జె8 (ఎనిమిది పనులు ఒకేసారి) పెడితే ఒకసారి అవుతుంది, ఒకసారి అవదు. దాంతో అందరూ మేక్ క్లీన్ కొట్టి మొదట్నుంచీ బిల్డ్ చేస్తున్నారు. గ్నూ మేక్ 4.3, జీసీసీ, ఉబుంటు 22.04. మేక్‌ఫైళ్లను తనే రాసిపెట్టే సీమేక్‌కి మారే టైము ఇప్పట్లో లేదు.

మంగళగిరి_మేక్

"మేక్ డిపెండ్" అనే మెట్టునే పీకేయండి. కంపైల్ చేసేటప్పుడు జీసీసీ ఎటూ ప్రతి హెడర్‌నీ తెరిచి చదువుతుంది కదా, ఆ చిట్టా దాంతోనే రాయించండి. ఫ్లాగులు రెండూ క్యాపిటల్ అక్షరాల్లో:

సీఫ్లాగ్స్ += -ఎంఎండి -ఎంపి
-ఇంక్లూడ్ $(ఓబీజేఎస్:.ఓ=.డి)

మొదటి బిల్డ్‌కి ఆ చిట్టా ఉండే .డి ఫైళ్లు ఉండవు, ముందున్న గీత వల్ల మేక్ గొడవ చేయదు. అప్పటికి .ఓ కూడా లేదు కాబట్టి ఎలాగూ అన్నీ కంపైల్ అవుతాయి, హెడర్ల జాబితాతో పనే లేదు. జాబితా అవసరమయ్యేది రెండోసారి నుంచే, అప్పటికి అది తయారుగా ఉంటుంది. బిల్డ్/కాటా.డి తెరిస్తే ఇలా కనిపిస్తుంది:

బిల్డ్/కాటా.ఓ: సోర్స్/కాటా.సి ఇంక్/తూకం.హెచ్ ఇంక్/పోర్ట్.హెచ్
ఇంక్/తూకం.హెచ్:
ఇంక్/పోర్ట్.హెచ్:

కింది రెండు ఖాళీ రూల్సూ -ఎంపి రాసినవి. మీ రెండో బాధకి మందు అదే. హెడర్ తీసేసినా దానికంటూ ఒక రూల్ ఉంది కాబట్టి మేక్ ఆగదు, దాన్ని వాడిన ఫైళ్లను మళ్లీ కంపైల్ చేస్తుంది. ఎక్కడైనా ఇంకా ఇంక్లూడ్ మిగిలి ఉంటే కంపైలరే లైన్ నంబరుతో సహా చెబుతుంది.

ఒక చోట జాగ్రత్త. వార్నింగులు రాకుండా సొంత లైబ్రరీ హెడర్లను -ఐసిస్టమ్‌తో ఇచ్చారా? అలా ఇస్తే -ఎంఎండి వాటిని సిస్టమ్ హెడర్లుగా లెక్కేసి జాబితాలోంచి వదిలేస్తుంది. అవి మారినా రీబిల్డ్ జరగదు. -ఐకి మార్చండి, లేదా ఒక్క ఎం తగ్గించి -ఎండి వాడండి.

ఇక ఆ 38 మేక్‌ఫైళ్లు. ఇన్ని మేక్‌లు విడివిడిగా నడిస్తే ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు, అసలు రోగం అక్కడుంది. డైరెక్టరీకో మాడ్యూల్.ఎంకె పెట్టి, అందులో "సోర్సెస్ += కాటా/సీరియల్.సి" లాంటి లైన్లు మాత్రం ఉంచి, అన్నిటినీ పైనున్న ఒక్క మేక్‌ఫైల్లోకి ఇంక్లూడ్ చేయండి. షెల్ ఫైండ్‌తో జాబితా తెచ్చుకునేట్టయితే := వాడండి. ఉత్త = పెడితే ఆ వేరియబుల్ వాడిన ప్రతిసారీ ఫైండ్ మళ్లీ నడుస్తుంది, 1,200 ఫైళ్ల మీద అది బాగా తెలుస్తుంది. స్టాటిక్ లైబ్రరీలుంటే వాటిని కట్టే ఏఆర్‌కి ముందు పాత .ఏ ఫైలుని ఆర్‌ఎం -ఎఫ్ చేయాలి, లేకపోతే తీసేసిన సి ఫైలు తాలూకు .ఓ అందులో అలాగే కూర్చుంటుంది.

గుంటూరు_జీసీసీ

పైన చెప్పినదంతా కరెక్టే. -జె8 సంగతి నేను చెబుతా. ట్రీలో స్క్రిప్టు తయారుచేసే హెడర్ ఏదో ఉండి ఉంటుంది, ప్రోటోకాల్.హెచ్ లాంటిది. మొదటి బిల్డ్‌లో .డి లేదు, అంటే ఆ హెడర్ ముందు కావాలని మేక్‌కి తెలిసే దారి లేదు. ఎనిమిది పనులు ఒకేసారి మొదలైతే ఏది ముందో ఎవరికి తెలుసు? ఆర్డర్-ఓన్లీ పెట్టండి:

$(ఓబీజేఎస్): | $(జెన్‌హెడర్స్)

నిలువు గీత తర్వాత రాసినవి ముందు తయారవ్వాలి, అంతే. వాటి టైమ్‌స్టాంపు మారినంత మాత్రాన అన్నీ రీబిల్డ్ అవ్వవు. నిజంగా ఎవరు వాడుతున్నారో రెండోసారి నుంచి .డి చూసుకుంటుంది.

ఆ స్క్రిప్టు ఒకే దెబ్బలో .సి, .హెచ్ రెండూ రాస్తుంటే, మామూలు కోలన్ పెట్టిన రూల్ -జె కింద రెండుసార్లు నడిచి ఒకదాని మీద ఒకటి రాసుకోవచ్చు. &: వాడండి. 4.3లోనే వచ్చింది కాబట్టి మీకు పనిచేస్తుంది. ఉబుంటు 20.04 మిషన్లు ఏవైనా మిగిలి ఉంటే వాటిలో 4.2.1, అక్కడ పనిచేయదు.

ఫ్లాగులు మారితే మేక్ పట్టించుకోదని కూడా గుర్తుంచుకోండి. ఆప్టిమైజేషన్ ఫ్లాగు -ఓ2 తీసి -ఓ0 పెట్టినా .ఓ పాతదే. సీఫ్లాగ్స్‌ని ప్రతిసారీ ఒక టెంప్ ఫైలులోకి రాయించి, సీఎంపి -ఎస్‌తో పోల్చి, తేడా ఉంటేనే బిల్డ్/ఫ్లాగ్స్ మీదకి ఎంవీ చేయించండి. .ఓలన్నీ ఆ ఫైలు మీద ఆధారపడాలి, ఇది మామూలు డిపెండెన్సీయే, నిలువు గీత వద్దు. లినక్స్ కెర్నల్ బిల్డ్ కూడా ఒక్కో ఆబ్జెక్టు కమాండ్‌ని పక్కనే .సీఎండి ఫైలులో దాచి ఇలాగే పోల్చుకుంటుంది.

పటమట_నింజా

టైము లేదన్నారు గానీ, ఫ్లాగులు, .డి ఫైళ్లు, వీటన్నిటినీ సీమేక్, నింజా (మేక్ లాంటిదే ఇంకో బిల్డ్ ప్రోగ్రాం) కలిసి వాటంతట అవే చూసుకుంటాయి. కమాండ్ లైన్ మారినా నింజా రీబిల్డ్ చేస్తుంది. చేత్తో మేక్‌ఫైల్ రాయడం 2025 తర్వాత కూడా ఎందుకో నాకర్థం కాదు. ఎప్పుడైనా మారితే, సి ఫైళ్లను పేరు నమూనాతో ఏరుకునే ఫైల్ గ్లాబ్‌కి కాన్ఫిగర్_డిపెండ్స్ జోడించడం మర్చిపోకండి. అది సీమేక్ 3.12 నుంచి ఉంది. లేకపోతే కొత్త సి ఫైలు పెట్టినా బిల్డ్‌కి కనిపించదు.

బెజవాడ_బిల్డ్

అందరికీ థాంక్సండీ. .డి పద్ధతి, ఆర్డర్-ఓన్లీ రెండూ పెట్టాం, -జె8 నిలకడగా ఉంది. కొత్త తేడా ఒకటి. బిల్డ్ మధ్యలో కరెంటు పోయి వచ్చాక ఒకట్రెండు ఫైళ్లు, హెడర్ మార్చినా కంపైల్ అవ్వట్లేదు. ఎర్రర్ కూడా రాదు. .డిలిట్_ఆన్_ఎర్రర్ (ఎర్రర్ వస్తే సగం తయారైన ఫైలుని మేక్ తుడిచేసేలా చేసేది) పెట్టే ఉంది.

మంగళగిరి_మేక్

కరెంటు పోతే మేక్ కూడా పోతుంది, ఇక తుడిచేదెవరు? డిస్కు మీదకి పూర్తిగా చేరని .డి సున్నా బైట్లతో మిగులుతుంది. ఖాళీ ఫైలు మేక్‌కి తప్పేం కాదు, ఈ .ఓకి హెడర్లే లేవనుకుని ఊరుకుంటుంది. సగంలో తెగిన .డి అయితే చాలాసార్లు "మిస్సింగ్ సెపరేటర్" అని అరుస్తుంది, అది నయం.

ముందు చూడండి: ఫైండ్ బిల్డ్ -నేమ్ '*.డి' -సైజ్ 0. దొరికిన ప్రతి .డితోపాటు దాని జత .ఓ కూడా తీసేయాలి. .డి ఒక్కటే తీసి .ఓ వదిలేస్తే మళ్లీ అదే కథ, .సి కంటే .ఓ కొత్తది కాబట్టి మేక్ దాన్ని ముట్టుకోదు. సున్నా బైట్ల .ఓలు కూడా వెతకండి, అవి లింక్ దగ్గర దొరుకుతాయి గానీ అప్పటిదాకా ఆగడం ఎందుకు. ఈ రెండు లైన్లూ ఒక స్క్రిప్టులో పెట్టి, బిల్డ్ మిషన్ బూట్ అయినప్పుడల్లా నడిచేలా చేయండి.