పూర్వ విద్యార్థుల గ్రూపుని వాట్సాప్ నుంచి వేరేచోటికి మార్చాలి, ఎవరైనా చేశారా?

కొల్లేటి_కొంగ
మాది ఏలూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. 1988 బ్యాచ్ నుంచి మొన్నటి బ్యాచ్ దాకా కలిపి ఒకే వాట్సాప్ గ్రూపు. ఊళ్ళోవాళ్ళు, హైదరాబాద్ వాళ్ళు, కువైట్ వెళ్ళినవాళ్ళు, డాలస్ వాళ్ళు అంతా కలిసి 600 మంది దాకా ఉంటాం. స్కూల్లో బాత్రూములు బాగుచేయించడానికి చందాలు మొదలుపెట్టాం. ఎవరెంత ఇచ్చారో లిస్టు పొద్దున ఏడింటికి పెడితే ఎనిమిదింటికల్లా గుడ్ మార్నింగ్ గులాబీల కింద కూరుకుపోతోంది, తొమ్మిదింటికి "లిస్టు ఎక్కడ, మళ్ళీ పెట్టండి" అని ఒకరు, ఆయనకి పెడితే ఇంకొకరు. అదైనా భరించవచ్చు. గ్రూపులో ఉన్న అందరికీ అందరి నంబర్లూ కనిపిస్తాయి కదా, ఇద్దరు ఆడవాళ్ళకి ఎవడో రాత్రిపూట ఫోన్లు చేశాడట, వాళ్ళు చెప్పాపెట్టకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయారు. అడ్మిన్ నేనే. సిగ్గేసింది.

టెలిగ్రామా, డిస్కార్డా, ఇంకేమైనా ఉందా? మా లెక్కల మాస్టారు కూడా వాడగలగాలి, ఆయనకి 74.

ఇరానీ_చాయ్
డిస్కార్డ్ మంచిదే అన్నా, కానీ మీ జనానికి కాదు. మా పాలిటెక్నిక్ వాళ్ళకి పెట్టి చేతులు కాల్చుకున్నా. 2015లో అది ముఖ్యంగా గేమ్స్ ఆడేవాళ్ళ కోసం వచ్చింది, అందుకే సర్వర్ (అంటే మన గ్రూపు), రోల్ (హోదా), ఛానల్ (గ్రూపులో ఒక గది) అని అన్నీ వాళ్ళ మాటలే. "సర్వర్‌లో చేరండి సార్" అంటే మా రిటైర్డ్ లెక్చరర్ గారు "ఏ హోటల్లోనయ్యా" అన్నారు.

తప్పులు మాత్రం నావే. ఉత్సాహం ఆపుకోలేక మొదటి రోజే 23 ఛానళ్ళు తెరిచా. ఉద్యోగాలకొకటి, పెళ్ళి సంబంధాలకొకటి, క్రికెట్‌కొకటి, బ్యాచ్‌కొకటి. వచ్చినవాడు ఖాళీ గదులన్నీ తిరిగి చూసి ఇంటికి పోయాడు. రెండోది ఇంకా ఘనం. సమావేశానికి ఫ్లెక్సీ కొట్టించి దాని మీద పెద్ద క్యూఆర్ కోడ్ వేయించా. మనం మార్చకపోతే ఆ ఇన్వైట్ లింకు గడువు 7 రోజులే, అది నేను చూసుకోలేదు. ఫ్లెక్సీ వచ్చింది సమావేశానికి రెండు వారాల ముందు. ఆ రోజు గేటు దగ్గర వరసగా నిలబడి స్కాన్ చేస్తున్నారు, "చెల్లదంటోంది" అని నా మొహం చూస్తున్నారు. లింకు పెట్టేముందు గడువు ఎప్పటికీ ఉండేలా మార్చుకోండి, ఏ యాప్ అయినా సరే.

గోదారి_గట్టు_అక్క
మా కాలనీ వాళ్ళం టెలిగ్రామ్‌కి వచ్చి రెండేళ్ళయింది. 2 లక్షల మంది దాకా పడతారు కాబట్టి చోటు గొడవ లేదు. మీకు పనికొచ్చేది టాపిక్స్. గ్రూపు సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తే ఒకే గ్రూపులో గదులు కట్టుకున్నట్టు ఉంటుంది. చందాలకి ఒకటి పెట్టి దాన్ని క్లోజ్ చేయండి, అప్పుడు అడ్మిన్లు తప్ప ఎవరూ అందులో గులాబీలు వేయలేరు. ఏ గది గోల వద్దనుకుంటే ఆ గదినే మ్యూట్ చేసుకోవచ్చు, గ్రూపంతా మ్యూట్ చేయక్కర్లేదు. గదులు మూడు చాలు, పై తమ్ముడి 23 చూశారుగా. కొత్తగా చేరినవాళ్ళకి పాత మెసేజ్‌లు కనిపించేలా పెట్టారో లేదో మాత్రం చూసుకోండి, లిస్టు మళ్ళీ మళ్ళీ పెట్టే బాధ తప్పుతుంది.

ఇక నంబర్ల సంగతి. చేరిన ప్రతి ఒక్కరి చేతా ప్రైవసీలోకి వెళ్ళి ఫోన్ నంబర్ "ఎవరికీ కనపడకూడదు" అని పెట్టించండి. అక్కడే గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చు అనేది కూడా ఉంటుంది, అది "నా కాంటాక్ట్స్" కి మార్చకపోతే షేర్ మార్కెట్ చిట్కాల గ్రూపుల్లోకి లాగేస్తారు. లింకుకి అడ్మిన్ అనుమతి పెట్టండి. మేం అడిగే ప్రశ్న ఒక్కటే, ఏ బ్లాకు, ఏ ఫ్లాటు. మీరు ఏ బ్యాచ్, క్లాస్ టీచర్ ఎవరు అని అడగండి.

ముందే చెప్పాల్సింది ఒకటుంది. టెలిగ్రామ్‌లో చేరగానే మన నంబర్ ఫోన్లో ఉన్నవాళ్ళకి "ఫలానావారు చేరారు" అని వెళ్తుంది. మా అత్తగారు చేరిన రోజు చుట్టాలంతా హాయ్ అని పెడుతుంటే ఫోన్ హ్యాక్ అయిందని హడలిపోయి స్విచాఫ్ చేసి బీరువాలో పెట్టేశారు!

నల్లమల_నక్క
అంత అవస్థ ఎందుకండీ? వాట్సాప్‌లోనే కమ్యూనిటీస్ అని 2022లో వచ్చింది కదా. పైన అనౌన్స్‌మెంట్ గ్రూపు, అందులో అడ్మిన్లే రాస్తారు. కింద బ్యాచ్‌కో చిన్న గ్రూపు. ఒకే చిన్న గ్రూపులో ఉన్నవాళ్ళకీ అడ్మిన్లకీ తప్ప మిగతావాళ్ళకి నంబరు కనపడదు. 74 ఏళ్ళ మాస్టారి చేత కొత్త యాప్ వేయించడం కన్నా ఇదే తేలిక.

కొల్లేటి_కొంగ
ఆలోచించానండి. కానీ ఫోన్లు చేసినవాడు సొంత బ్యాచ్ వాడే అని ఆడవాళ్ళ అనుమానం. అప్పుడు చిన్న గ్రూపులో నంబర్ కనిపిస్తూనే ఉంటుంది.

నల్లమల_నక్క
అయితే టెలిగ్రామే.

తాళంచెవి
వెళ్ళండి కానీ ఒకటి తెలుసుకుని వెళ్ళండి. వాట్సాప్ గ్రూపు మెసేజ్‌లకి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (గ్రూపులో ఉన్నవాళ్ళు తప్ప కంపెనీ కూడా చదవలేని తాళం) ఉంటుంది, టెలిగ్రామ్ గ్రూపులకి అది ఉండదు, అక్కడ ఇద్దరి మధ్య సీక్రెట్ చాట్‌కే. అంటే చందా లిస్టు వరకూ ఫరవాలేదు, ఎవరి ఆధార్ ఫోటోలూ బ్యాంకు పాస్‌బుక్కులూ పెట్టించకండి. టూ స్టెప్ వెరిఫికేషన్ (ఫోన్‌కి వచ్చే కోడ్‌తో పాటు మనం పెట్టుకున్న పాస్‌వర్డ్ కూడా అడగడం) అడ్మిన్లందరికీ తప్పనిసరి చేయండి. "పొరపాటున మీకు కోడ్ వచ్చింది, పంపండి" అని స్నేహితుడి పేరుతోనే అడుగుతారు, పంపితే అకౌంట్ పోయినట్టే, ఆ తర్వాత మన పేరుతో అందరినీ డబ్బులు అడుగుతారు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఈ నంబరూ మీ చందా అకౌంట్ వివరాలూ రెండూ పిన్ చేసి పెట్టండి.

ఎలిమెంట్ అని ఇంకో చాట్ యాప్ ఉంది, గ్రూపులకీ ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, మేం వాడేది అదే. కానీ రికవరీ కీ అని ఒకటిస్తుంది, దాన్ని దాచుకోకుండా ఫోన్ మార్చినవాళ్ళకి పాత మెసేజ్‌లు తెరుచుకోలేదు. మాస్టారికి వద్దు.

ఒత్తులు_దీర్ఘాలు
ఎవరూ చెప్పని బాధ ఒకటి. వెతకడం. మా గ్రూపులో సగం మంది తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు, ఒకరు రాసినట్టు ఇంకొకరు రాయరు. చందా అన్న మాటే నాలుగు రకాల స్పెల్లింగుల్లో చూశాను. మీరు తెలుగులో వెతికితే ఒక్కటీ దొరకదు. అందరినీ మార్చలేం కానీ అడ్మిన్లు పెట్టేవైనా తెలుగు లిపిలో పెట్టండి, ప్రతి లిస్టు మొదట్లో ఒకే మాట వాడండి. మేం "జమ" అని పెడతాం. వెతికితే అన్నీ వరసగా వచ్చేస్తాయి. టైపింగ్ రానివాళ్ళకి జీబోర్డ్‌లో (గూగుల్ కీబోర్డ్) మైకు నొక్కి మాట్లాడితే తెలుగులో పడుతుంది, మా అమ్మ అలాగే రాస్తుంది, కాకపోతే వెనకాల టీవీలో మాటలు కూడా కలిసి పడతాయి.

కొల్లేటి_కొంగ
అయిదు వారాల తర్వాత వచ్చా, ఏం జరిగిందో చెప్పాలి కదా. టెలిగ్రామ్‌కే వెళ్ళాం. మొదటి వారం వాట్సాప్‌లో లింకు పెడితే 40 మంది వచ్చారు, వచ్చి "ఇక్కడేం చేయాలి" అని అడిగి ఊరుకున్నారు. అప్పుడు చందా లిస్టు వాట్సాప్‌లో పెట్టడం మానేశా. తిట్లు తిన్నా, కానీ పది రోజుల్లో 300 దాటారు. మిగతావాళ్ళు ఇంకా అక్కడే గులాబీలు పంచుకుంటున్నారు, ఉండనీయండి అనుకున్నా, పాత గ్రూపు మూయలేదు. వెళ్ళిపోయిన ఇద్దరిలో ఒకావిడ వచ్చారు, రెండో ఆవిడ రానన్నారు.

గదులు మూడే: కబుర్లు, చందాలు, స్కూలు పనులు. డాలస్ వాళ్ళు మనకి అర్ధరాత్రి రాస్తారు కాబట్టి రాత్రి నోటిఫికేషన్ ఎలా ఆపుకోవాలో స్క్రీన్‌షాట్లతో పిన్ చేశా, అదే అందరూ ఎక్కువ మెచ్చుకున్నది.

మాస్టారింటికి నేనే వెళ్ళా. ఇన్‌స్టాల్ చేయడం రెండు నిమిషాలు, కళ్ళజోడు వెతకడం ఇరవై నిమిషాలు. ఫాంట్ పెద్దది చేసి, కబుర్ల గది మ్యూట్ చేసి, చందాల గది ఎలా తెరవాలో చూపించి వచ్చేశా. మర్నాడు పొద్దున అయిదున్నరకి నాకు వాయిస్ మెసేజ్: "ఒరేయ్, నీ లిస్టు కూడి చూశాను, 500 తేడా వచ్చింది, మళ్ళీ కూడి పెట్టు."

ఇరానీ_చాయ్
😂 ఆ 500 దొరికిందా అన్నా?

కొల్లేటి_కొంగ
దొరికింది. ఒకే మనిషి రెండుసార్లు పడ్డాడు, ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట లేకుండా. సరిచేసి పెట్టా, మాస్టారు బొటనవేలు గుర్తు పెట్టారు.