మలయా యుద్ధంలో పోయిన పెద్దతాత పేరు మద్రాసు వార్ సిమెట్రీలో ఉంటుందా?

పీలేరు చిన్నోడు:
మా తాత వాళ్ళ అన్న రెండో ప్రపంచ యుద్ధంలో మలయాకి (ఇప్పటి మలేషియా వైపు) పోయి తిరిగి రాలేదు. ఎప్పుడు పోయాడో తెలియక మహాలయ అమావాస్య నాడే ఆయనకి పిండం పెడుతున్నాం. మద్రాసు నందంబాక్కంలో సైనికుల సమాధులు ఉన్నాయంట కదా. ఆయన పేరు ఉంటుందా? తిరుపతి నుంచి ఒక్కరోజులో చూసి రావచ్చా?

రేణిగుంట గార్డు (రిటైర్డ్):
రావచ్చు తమ్ముడూ. పొద్దున రైలుకి సెంట్రల్‌లో దిగి గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే ఆ లైన్లో ఆఖరి స్టేషన్ సెయింట్ థామస్ మౌంట్. అక్కడ ఆటో ఎక్కొద్దు, ముందు కొండెక్కు. పెట్రుస్ ఉస్కాన్ అనే ఆర్మేనియా వ్యాపారి కట్టించిన రాతి మెట్లు. అలిపిరి ఎక్కిన కాళ్ళకి అవొక లెక్కా! పైన పోర్చుగీసువాళ్ళు 1523లో కట్టిన చర్చి ఉంది. దేశాన్నంతా కొలిచిన సర్వేకి లాంబ్టన్ అనే బ్రిటిష్ ఆఫీసరు 1802లో మొదటి గీత కొలిచింది ఈ కొండ దగ్గరే. నాకైతే అక్కడ నిలబడి విమానాలు దిగేది చూడటమే ఇష్టం. దిగాక కంటోన్మెంట్ గోడల వెంట పూనమల్లి రోడ్డు పట్టుకో. లారీల మోత తప్పదు.

సిమెట్రీలో 850కి పైగా సమాధులు. ఇక్కడేదో యుద్ధం జరిగిందనుకునేవు, అదేం కాదు. దక్షిణాదిలో, తూర్పున ఊరూరా పూడ్చినవాళ్ళని 1952లో ఒక్కచోటికి చేర్చారు. ఆఫీసరుకైనా సిపాయికైనా ఒకే రకం రాయి. అడుగున ఇంటివాళ్ళు చెక్కించిన మాట ఉంటుంది, కొన్నింటికి అదీ ఉండదు. అలాంటి వాటి దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. ఎవరూ రాయలేదా, ఉత్తరం అందలేదా?

మీ పెద్దతాత పేరు మాత్రం అక్కడ దొరక్కపోవచ్చు. మలయాలో పోయి సమాధి లేనివాళ్ళ పేర్లు సింగపూర్ క్రాంజి మెమోరియల్ మీద ఉన్నాయి, 24 వేలకి పైనే. మన సిపాయిల్లో దహనం చేసినవాళ్ళకి రాయి ఉండదు, పేరే ఉంటుంది. అయినా ఒకసారి పోయి రా.

చిత్తూరు పిల్ల:
పోకముందే ఈ సమాధుల్ని చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకండి అన్నా, డబ్బులేం కట్టక్కర్లేదు. మన పేర్లని వాళ్ళకి వినబడినట్టు రాసుకున్నారు, కాబట్టి స్పెల్లింగ్ నాలుగు రకాలుగా మార్చి చూడండి. ఇంటిపేరు మీద ఆశ పెట్టుకోవద్దు. చాలా రికార్డుల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. పీలేరు అప్పట్లో చిత్తూరు జిల్లాయే, ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే దొరకదు. రికార్డు దొరికితే చనిపోయిన తారీఖు కూడా ఉంటుంది. తిథి పంతులుగారిచేత లెక్కగట్టించుకోవచ్చు.

పీలేరు చిన్నోడు:
తారీఖు కూడా ఉంటుందా! ముత్తాత పేరు అవ్వనడిగి రాత్రికే చూస్తా అక్కా. గార్డు అన్నా, ఏప్రిల్‌లో పోతే?

రేణిగుంట గార్డు (రిటైర్డ్):
ఆ ఎండకి మెట్ల మీదే ఆగిపోతావు. జనవరిలో పో.