ఇంటికి చిలకపచ్చ కొడితే తప్పేంది? అమ్మకు బావకు మధ్య నలిగిపోతాండా

పాతూరు పిల్లోడు, అనంతపురం:
అన్నలకు అక్కలకు నమస్తే. విషయం ఏందంటే మా ఇల్లు పాతది, నాయన కట్టించినప్పుడు సున్నంలో రొంత నీలిమందు కలిపి కొట్టించినాడు అంతే, ఇప్పుడు పైన రెండు రూములు వేసి కిందంతా రిపేరు చేసినాము, ఇంక రంగు మిగిలింది. అమ్మ ఏమంటాదంటే బయట గోడంతా చిలకపచ్చ, కిటికీల చుట్టూ గులాబీ పట్టీ, వరండా గ్రిల్లుకు వంకాయ రంగు. బెంగళూరులో ఉండే బావ అది విని పగలబడి నవ్వినాడు, పెళ్ళి మంటపమా ఇల్లా అని, తెలుపు గ్రే వేయించండి చూసేదానికి క్లాస్‌గా ఉంటాది అని. అమ్మ ఆ పొద్దంతా ఎవురితోనూ మాట్లాడలే. దాని మీద మా మేనత్త ఇంకోటి కలిపింది, "రాణీ రంగు చీర కట్టేది, ఇంటికి చిలకపచ్చ కొట్టించేది, ఈ వయసులో ఏంది వదినా నీ కథ" అని. అమ్మ మాట కొట్టేసేదానికి నాకు మనసు రాదు, కానీ ఉన్నమాట చెప్పాలంటే మా వీధిలో ఒకాయన ఆరెంజ్ మీద వయొలెట్ కొట్టించినాడు, అటు చూడాలంటే నాకూ భయమే. ముదురు రంగులంటే నిజంగానే టేస్ట్ లేనట్టా? మీరేమంటారు?

గ్రే గోడ, కర్నూలు:
నేను మీ బావ పార్టీ తమ్ముడూ, తిట్టుకున్నా పర్వాల్యా. రోడ్డు మీదికి పోతే ఫ్లెక్సీలు, ఆటోల వెనక బొమ్మలు, షట్టర్ల మీద సిమెంటు కంపెనీల యాడ్లు, ఎన్నికలొస్తే ఉండే గోడలన్నీ జెండా రంగులు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కండ్లలో రంగులు పోస్తానే ఉంటారు, ఇంటికొచ్చినాంక అయినా కంటికి రొంత నిమ్మళం వద్దా? ఇంకొకటి, పైన రూములు బాడిగకిస్తారు కదా, వచ్చేటోళ్ళు చిలకపచ్చ చూసి మెట్ల కాడి నుంచే తిరుక్కుని పోతారు. సరదా ఉంటే దిండు గలీబులు మార్చుకోండి, దుప్పట్లు మార్చుకోండి. నా సోఫా మీద కూడా ఎర్ర గళ్ళ ఎమ్మిగనూరు దుప్పటి ఉంది, నేనేం సన్యాసిని కాదు. గోడ మాత్రం నాలుగేండ్లకో ఐదేండ్లకో మార్చేది, ఆడ ప్రయోగాలు వద్దు.

కడప బండ, కడప:
గ్రే గోడన్నా, మీ ఇంట్లో కింద ఏం పరిచినారో రొంత చెప్తావా? మా దిక్కు నల్ల బండలు, మీ దిక్కు బేతంచెర్ల బండలు, తమ్ముడోళ్ళ దిక్కు తాడిపత్రి బండలు. టైల్స్ వచ్చినాంక తగ్గింది గానీ పాత ఇండ్లల్లో సగానికి సగం ఇదే కదా. అంటే కాళ్ళ కింద నలుపో బూడిద రంగో ముందే ఉండాది, చల్లగా ఉంటాదని మనమే పరుచుకున్నాం, మళ్ళా గోడకూ అదే కొడితే వెలుతురు యాడి నుంచి రావాల? ఎండాకాలం మధ్యాన్నం వేడిగాలికి తలుపులు కిటికీలు మూసుకుని కూసుంటాం, ఆ చీకట్లో గ్రే గోడ ఎట్ల ఉంటాదో నీకు తెలియనిదా. మా అవ్వోళ్ళది మట్టి మిద్దె, వెలుతురు కోసం పైన గవాచి ఒకటి, అంతే. గోడలకు పసుప్పచ్చ కలిపిన సున్నం, అరుగుకు ఎర్రమన్ను, గడపకు పసుపు కుంకుమ, వాకిట్లో ముగ్గు. ఆ ఇంటిని టేస్ట్ లేని ఇల్లు అని అప్పట్లో ఎవురూ అనలే, ఇప్పుడు రిసార్టులోళ్ళు అదే కట్టి రాత్రికి ఇంత అని వసూలు చేచ్చాండారు. పుట్టపర్తికి పోయి చూడు, ప్రశాంతి నిలయంలో బిల్డింగులన్నీ గులాబీ, నీలం, పసుపే, యాడాడి దేశాల నుంచో వచ్చి దండం పెట్టుకుంటారు, ఇది క్లాస్‌గా లేదని ఒక్కరైనా వెనక్కి పోయినారా?

గ్రే గోడ, కర్నూలు:
పుట్టపర్తిలో ఉండేవి లేత రంగులప్పా. గులాబీ అంటే పాలల్లో ఒక చుక్క వేసినట్ట ఉంటాది. తమ్ముని వాళ్ళమ్మ అడిగేది చిలకపచ్చ. రెండూ ఒకటే అంటే ఎట్ల?

మగ్గం గుంత, ధర్మవరం:
మాది మగ్గం ఇల్లు కాబట్టి రంగులంటే రొంత ఎక్కువే మాట్లాడతా, ఏమనుకోవద్దండి. బావ చెప్పేది తప్పు, అమ్మ చెప్పేది సగం రైటు. ముదురైతే నాటు, లేతదైతే క్లాసు అనే లెక్క యాడా లేదు. ఏ రంగు పక్కన ఏ రంగు, ఏది ఎంత మేర, అదీ చూడాల్సింది. డబల్ షేడ్ చీర చూసింటారు కదా, పడుగు అంటే నిలువు దారాలు ఒక రంగు పోస్తాం, పేక అంటే అడ్డం దారాలు ఇంకో రంగు కొడతాం. నీలం పడుగు మీద ఆకుపచ్చ పేక పోతే నెమలికంఠం పడతాది, మడత ఇట్ల తిప్పితే నీలం, అట్ల తిప్పితే పచ్చ. అదే ఎరుపు పడుగు మీద పచ్చ పేక కొట్టి చూడండి, విడివిడిగా రెండూ నిప్పు మాదిరి రంగులే, కలిసినాంక ఒకదాన్నొకటి తినేసి మట్టి తేలుతాయి. పక్క పక్కన పెడితే మాత్రం, అంటే పచ్చ చీరకు ఎర్ర అంచు పెడితే, రెండూ లేచి నిలబడతాయి. అవే రెండు రంగులు, పెట్టే తావు వేరే, అంతే.

ఇంకోటి, మా చీరల్లో పెద్దంచులుంటాయి, కొంగు నిండా జరీ ఉంటాది, అయినా గోల అనిపించదు ఎందుకంటే బాడీ అంతా ఒకటే రంగు, ఆటంతా అంచులోనే కొంగులోనే. అమ్మ లిస్టులో చిలకపచ్చ బాడీ, గులాబీ అంచు, అంతవరకు పట్టుచీర లెక్కే, నాకేం తప్పు కనపడలే. వంకాయ గ్రిల్లు కాడ మూడో రంగు వచ్చి కొట్లాట మొదలైతాది. మీ వీధి ఆరెంజ్ వయొలెట్ ఆయన రెండు రంగులూ సగం సగం కొట్టించింటాడు చూడు, ఏది బాడీనో ఏది అంచో తెలియక కండ్లు తిరుగుతాయి.

ఎప్పుడన్నా లేపాక్షి పోతే బసవన్న కాడ ఫోటో దిగి వచ్చేయకుండా వీరభద్రస్వామి గుళ్ళో తల పైకెత్తి కప్పు చూడండి. విజయనగరం కాలంలో, 16వ శతాబ్దంలో విరుపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన గుడి అది. ఆ బొమ్మల్లో మనుషులు కట్టిన బట్టలకు గీతలు, గళ్ళు, పూలు, చూస్తా ఉంటే మెడ నొప్పి పుడతాది గానీ కండ్లు దిగవు. వెనక ఎర్రమన్ను రంగు, దాని మీద సన్నగా నల్లగీత, తెలుపు, అక్కడక్కడ పచ్చ. ఆ స్తంభాల మీది డిజైన్లు ఈ రోజుకీ మా చీర అంచుల్లోకి దిగుతానే ఉండాయి.

గ్రే గోడ, కర్నూలు:
బాగా చెప్పినావన్నా, కానీ గుడి కప్పు నీడలో ఉంటాది, చీర బీరువాలో ఉంటాది. ఇంటి గోడ అనంతపురం ఎండలో ఉంటాది. రెండేండ్లకు వెలిసిపోయిన చిలకపచ్చ ఎట్ల ఉంటాదో చూసినారా ఎవురైనా?

బ్రష్షు రోలరు, ఆదోని:
చూసినా. పెయింట్ పనే మాది. గ్రే గోడన్న ఈ ఒక్క పాయింటు కరెక్టు, మిగతాది కాదు. బయట గోడ మీద గులాబీ, వంకాయ రంగు, నిమ్మపసుపు ఇట్లాంటివి ఎండకు బిరీన తేలిపోతాయి, ముందు పడమటి గోడే పోతాది. ఎర్రమన్ను రంగు, గోధుమ, ముదర పసుపు మాదిరివి ఇనుము ఆక్సైడ్ రంగులు, అవి ఎండకు కదలవు, పాతోళ్ళు గుడి గోడలకు ఎర్రమన్ను సున్నం చారలు ఊరికే కొట్టలేదు. అట్లని గ్రే కొట్టుకోండి అని కాదు, ముదర గ్రే అయితే ఎండంతా మింగుతాది, మే నెలలో రాత్రి భోజనం చేసినాంక ఆ గోడకు ఆనుకుని చూడు, వీపు కాలుతాది. మిద్దె పైన మాత్రం తెలుపే, దాంట్లో చర్చ లేదు.

పాతూరు తమ్మీ, నీకు చెప్పాల్సింది ఇంకా ఉంది. నాయన కొట్టించిన సున్నం అన్నావు, కింద గోడల మీద అది పూర్తిగా గోకించినావా లేదా? సున్నం మీద నేరుగా ఎమల్షన్ కొడితే పొరలు పొరలు లేస్తాది, అప్పుడు చిలకపచ్చ అయితేనేం గ్రే అయితేనేం. గోకి, కడిగి, ఆరినాంక ప్రైమర్ కొట్టి అప్పుడు రంగు. షాపులో షేడ్ కార్డు చూసి డబ్బాలు ఆర్డర్ పెట్టొద్దు, కార్డులో గోరంత ముక్క లేతగా కనపడతాది, గోడంతా కొడితే అదే ముదురుగా కొడతాది. చిన్న డబ్బా కలిపించుకుని పడమటి గోడ మీద చాపంత మేర కొట్టు, పొద్దున ఒకసారి, మిట్టమధ్యాన్నం ఒకసారి, లైటేసినాంక ఒకసారి చూడు, అమ్మను పక్కన నిలబెట్టుకుని చూడు. గోడ కింద రెండడుగులు ఎర్రమన్ను పట్టీ కొట్టించు, మనది ఎర్రనేల, వానకు చిందే బురద ఆ పట్టీలో కలిసిపోతాది, లేదంటే ఫస్టు వానకే గోడ గలీజు.

మగ్గం గుంత, ధర్మవరం:
రంగును ఎండలో చూడమనేది మా ధర్మవరంలో కూడా ఉండాది, తెలిసినోళ్ళు షాపు లైట్ల కింద చీర కొనరు, వాకిలి దాకా తెచ్చి పరిచి చూస్తారు.

బడి టీచరమ్మ, కర్నూలు:
గోడ గురించి అందరూ బాగానే మాట్లాడినారు, మేనత్త మాట ఒక్కరూ పట్టుకోలేదు. ఏం బాబూ, మీ అమ్మ రాణీ రంగు కడితే ఆమెకేం నొప్పి? నేను ఆకుపచ్చకు పసుపంచు చీర కట్టుకుని బడికి పోతే పిల్లలు "మిస్ బాగుంది" అంటారు, స్టాఫ్ రూములో మాత్రం "ఏంటి మేడం, ఈ రోజు స్పెషలా" అంటారు. నలభై దాటితే లేత గంధం రంగు, యాభై దాటితే బూడిద రంగు, ఈ టైం టేబుల్ ఎవరు వేసినారో తెలియదు. మగోళ్ళకూ ఉందిలే, మన సీమలో పెద్దమనిషి అనిపించుకోవాలంటే తెల్ల చొక్కా తప్ప ఇంకోటి తొడగకూడదు, మా ఆయనకు నీలం పూల చొక్కా కొనిస్తే కల్యాణమండపం పార్కింగులో మార్చుకున్నాడు. ఒక మాట అడుగుతా, చెప్పాలనిపిస్తేనే చెప్పు. మీ నాయన ఉన్నారా?

పాతూరు పిల్లోడు, అనంతపురం:
లేడక్కా. నాయన పోయినాంక అమ్మ లేత రంగులు తప్ప కట్టలే, ఎవురూ కట్టొద్దని ఎదురుగా చెప్పలే, కానీ పెండ్లిలో కూసుంటే నలుగురూ చూసే చూపు ఒకటి ఉంటాది కదా. ఆ రాణీ రంగు చీర మా అక్క బలవంతంగా తెచ్చిచ్చింది. అంటే బావ పెండ్లామే.

బడి టీచరమ్మ, కర్నూలు:
అయితే ఇంకేం అడగాల్సింది లేదు. చిలకపచ్చ కొట్టించు. ఇన్నేండ్లకు ఆమె నోరు తెరిచి ఫలానా రంగు కావాల అని అడిగిందంటే అది ఎమల్షన్ గురించి కాదు.

గ్రే గోడ, కర్నూలు:
టీచరమ్మా, ఇది సెంటిమెంటు. చర్చ టేస్ట్ గురించి.

కదిరి మల్లె, అనంతపురం దిక్కు:
టేస్ట్ అంటే ఏందో నేను చెప్తా గ్రే గోడన్నా. మా దిక్కు సుగాలీ తండాలు చానా ఉండాయి. ఆ అవ్వలు అద్దాలు కుట్టిన రైక, గవ్వలు, ఎరుపు మీద పసుపు మీద నీలం వేసుకుని సంతకు వస్తే బస్సులో పక్కకు జరిగి నవ్వేటోళ్ళను నేను చూసినా. అదే అద్దాల పని కుర్తీ షోరూములో గ్లాసు వెనక పెడితే వేలకు వేలు పెట్టి కొనేది కూడా వాళ్ళే. రంగు అదే, అద్దం అదే, మారింది వేసుకునే మనిషి. అందుకే ఎవురైనా క్లాస్‌గా ఉంటాది అంటే నాకు ముందు డౌటే వస్తాది.

ఇక తమ్మీకి ఒక ఐడియా. ఇంట్లో లోపల గోడలు బావ మాట ప్రకారం తెలుపే పెట్టుకో, నిమ్మలకుంట నుంచి తోలు లాంతరు ఒకటి తెచ్చి హాల్లో వేలాడదీయి. ధర్మవరం పక్కనే కదా. తోలుబొమ్మలు చేసేటోళ్ళే చేస్తారు, ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. మేకతోలు వెలుతురు పారేంత పల్చన చేసి, చిన్న చిన్న చిల్లులు కొట్టి, రంగులేస్తారు. పగలు చూస్తే మామూలుగా ఉంటాది, లోపల బల్బు వేస్తే ఎరుపు, పచ్చ గోడల మీదికి పారతాయి. తెల్లగోడ ఉంటేనే అది బాగుంటాది, కాబట్టి బావ కూడా గెలిచినట్టే.

కడప బండ, కడప:
ఇది బాగుంది. ఎంత పడతాదో ఎవురికైనా తెలుసా? నాకూ కావాల.

గ్రే గోడ, కర్నూలు:
కదిరి వాళ్ళ మాటకు నా కాడ జవాబు లేదు, ఒప్పుకుంటా. కానీ వెలిసిపోయే రంగు బయట కొట్టొద్దు అనేదాంట్లో నేను తగ్గను, దానికి బ్రష్షన్న సాక్ష్యం.

పాతూరు పిల్లోడు, అనంతపురం:
అప్డేట్. కింద గోడలు సున్నం గోకించినా, బ్రష్షన్న చెప్పకపోతే మేస్త్రీ గమ్మున దాని మీదే కొట్టేసేటోడు. పడమటి గోడ మీద రెండు పచ్చలు చాపంత చాపంత కొట్టినాము, ఒకటి అచ్చం చిలకపచ్చ, ఇంకోటి లేత అరటాకు పచ్చ. మధ్యాన్నం ఎండలో చిలకపచ్చ చూసి అమ్మే మొగం తిప్పుకునింది, "ఇది వద్దులే నాయనా, కండ్లు గుచ్చుకుంటాండాయి" అని. అరటాకు పచ్చకు ఓకే. గులాబీ పట్టీ బయట కిటికీలకు కాకుండా వరండా లోపల, ఎండ తగలని చోట. కింద ఎర్రమన్ను రంగు పట్టీ. బావకు రెండు పచ్చల ఫోటో పంపితే కుడిపక్కది చానా డీసెంట్‌గా ఉంది, ఆర్కిటెక్ట్ చెప్పినాడా అన్నాడు. అమ్మ సెలెక్షన్ అని అక్క చెప్పిందంట, ఇంకా రిప్లై లేదు.

మేనత్త సంగతి ఏమీ తేలలే. గ్రిల్లు మాత్రం వంకాయ రంగే అంటాది అమ్మ, దాంట్లో పట్టు వదల్లే.

మగ్గం గుంత, ధర్మవరం:
పచ్చ, గులాబీ, ఎర్రమన్ను, ఇప్పుడు వంకాయ. నాలుగైనాయి తమ్మీ. గ్రిల్లు ఎర్రమన్నులో కలిపేయమని అడిగి చూడు.

బడి టీచరమ్మ, కర్నూలు:
అడగొద్దు. గ్రిల్లు ఆమెది.

బ్రష్షు రోలరు, ఆదోని:
వరండా నీడలో ఉండే గ్రిల్లు కదా, ఎనామిల్ కొడితే అంత బిరీన వెలవదు, కొట్టనీ. తుప్పు మాత్రం ఎమెరీ పేపరుతో బాగా రుద్ది రెడాక్సైడ్ ప్రైమర్ ఒక కోటు వేసినాంకనే వంకాయ రంగు, లేదంటే వచ్చే వానాకాలానికి కింద నుంచి పొక్కులు లేస్తాయి. అట్లనే రెండో కోటు మొదటిది ఆరినాంకనే, మేస్త్రీ తొందర పెడతాడు, ఒప్పుకోవద్దు.