సాగదీసిన పొరలో రంగు కలిపి పోలరైజర్ చేయడం: రెండు పొరలను అడ్డంగా పెట్టినా నల్లబడటం లేదు

ప్రశ్న (బరంపురం విద్యార్థి):
అందరికీ నమస్కారం. నేను బరంపురంలో ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం పోలరైజర్ (ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే దాటనిచ్చే పొర) చేస్తూ, పాలీవినైల్ ఆల్కహాల్ (నీటిలో కరిగే ప్లాస్టిక్) పొడిని వేడి నీటిలో కరిగించి, అందులో కాంగో రెడ్ అనే ఎర్ర రంగు కలిపి, గాజు పలక మీద పోసి ఆరబెట్టాను. ఆరిన పొరకు ఆవిరి పట్టి మెల్లగా లాగితే దాదాపు నాలుగు రెట్లు సాగింది. దానిని మొబైల్ తెర ముందు తిప్పితే ఒక దిశలో ముదురు ఎరుపుగానూ, దానికి లంబదిశలో లేత గులాబీగానూ కనబడుతోంది. అయితే అలాంటి రెండు పొరలను ఒకదానిపై ఒకటి అడ్డంగా పెడితే నల్లబడకుండా ఎర్రగానే మిగులుతోంది. పోనీ అని రంగు పాలు పెంచితే పొరలో సన్నని చుక్కలు లేచి, ఉన్న తేడా కూడా తగ్గింది. ఈయోసిన్ అనే మరో రంగుతో చేసిన పొరలోనైతే తేడా కనీకనబడనట్టుంది. లోపం సాగదీయడంలో ఉందా, రంగులో ఉందా? దయచేసి చెప్పగలరు.

జవాబు (రాయగడ అధ్యాపకుడు):
మీరు సాగదీసిన తీరు బాగానే ఉంది. కాంగో రెడ్ ప్రధానంగా 500 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే నీలి, ఆకుపచ్చ వెలుగులను మాత్రమే మింగుతుంది. 600 దాటిన ఎర్ర వెలుగు దానికి పట్టదు కనుక, పొరలను ఎటు తిప్పినా అది దాటిపోతూనే ఉంటుంది. ఆకుపచ్చ ఎల్.ఈ.డీ. వెలుగులో ఇదే పరీక్ష చేసి చూడండి, చీకటి ఎంత వస్తుందో మీకే తెలుస్తుంది.

కాంగో రెడ్ అణువు పొడవాటి కడ్డీలాంటిది. కాంతి విద్యుత్ క్షేత్రం ఆ కడ్డీ పొడవు వెంట కంపించినప్పుడు అణువు దానిని శోషిస్తుంది, అడ్డంగా కంపించినప్పుడు దాదాపుగా వదిలేస్తుంది. పొరను లాగినప్పుడు పాలిమర్ గొలుసులు (పొరలోని పొడవాటి ప్లాస్టిక్ అణువులు) లాగిన దిశకు తిరుగుతాయి, వాటిని అంటుకుని ఉన్న రంగు అణువులు కూడా వాటితోపాటే తిరుగుతాయి. ఎంత బాగా తిరిగాయో కొలవడం సులభమే: స్పెక్ట్రోఫోటోమీటరులో (ఏ వెలుగు ఎంత శోషణ అయిందో కొలిచే పరికరం) పొర ముందు ఒక మంచి పోలరైజర్ పెట్టి, సాగిన దిశలోనూ లంబంగానూ శోషణను చదివి భాగించండి. ఆ నిష్పత్తి 10 వచ్చిందనుకుంటే క్రమ సూచిక, అంటే అణువులు ఎంత వరుసగా ఉన్నాయో చెప్పే సంఖ్య, (10−1)/(10+2) = 0.75. అణువులన్నీ చక్కగా వరుసలో నిలిస్తే అది 1 అవుతుంది, చెల్లాచెదురుగా ఉంటే సున్నా.

ఇక చుక్కల సంగతి. రంగు ఎక్కువైతే అణువులు విడివిడిగా ఉండక ఒకదానిపై ఒకటి పేరుకుని గుంపులు కడతాయి. లాగినప్పుడు గొలుసులతోపాటు తిరగవలసిన అణువు గుంపులో చిక్కుకుని మొరాయిస్తుంది. పైగా ఆ గుంపులు వెలుగును చెదరగొట్టి ధ్రువణాన్ని (వెలుగు ఒకే దిశలో కంపించడాన్ని) పాడుచేస్తాయి. కాబట్టి రంగు పాలు తగ్గించి, ద్రావణాన్ని వేడిగా ఉన్నప్పుడే వడగట్టి, ఉప్పు తగలకుండా చూడండి. ముదురుదనం కావాలంటే పొర మందం పెంచుకోవచ్చు. స్ఫటికాలతోనే పని జరగదని కాదు: అమెరికా ఆవిష్కర్త ఎడ్విన్ లాండ్ 1929లో చేసిన మొదటి పోలరాయిడ్ పలకలో ఉన్నవి హెరపథైట్ (క్వినైన్, అయోడిన్ కలిసిన లవణం) సూక్ష్మ స్ఫటికాలే. కానీ 1938లో ఆయనే వాటిని వదిలి, సాగదీసిన పాలీవినైల్ ఆల్కహాల్‌కు అయోడిన్ పట్టించే పద్ధతికి మారారు.

జవాబు (నూలు, పట్టు రంగుల పని):
మాది మూడు తరాలుగా బరంపురంలో అద్దకం పని. భౌతికశాస్త్రం మాస్టారు చెప్పారు కనుక నేను రంగు సంగతే చెబుతాను. ఈయోసిన్ పట్టుకు ఎక్కే యాసిడ్ రంగుల జాతికి చెందినది. అణువు పొట్టిది, అందులో ఒక వలయం అడ్డంగా నిలబడి ఉంటుంది. కాంగో రెడ్ డైరెక్ట్ రంగు. 1884లో వచ్చిన ఈ రంగే పటిక లాంటి రంగు పట్టించే మందు ఏదీ లేకుండా నూలుకు నేరుగా ఎక్కిన మొదటి కృత్రిమ రంగు. పొడవుగా, చదునుగా ఉండే ఇలాంటి అణువులే నూలు పోగును పట్టుకున్నట్టు మీ పొరనూ పట్టుకుంటాయి. అందుచేత పట్టు రంగులు పక్కనపెట్టి, పసుపుకు క్రైసోఫెనిన్, నీలానికి స్కై బ్లూ రకం డైరెక్ట్ రంగు తీసుకుని, మీ ఎరుపుతో కలిపి చూడండి. మూడూ కలిస్తే బూడిద రంగుకు దగ్గరగా వస్తుంది. ఒక్క హెచ్చరిక: కాంగో రెడ్ బెంజిడీన్ నుంచి చేసిన రంగు, బెంజిడీన్ క్యాన్సర్ కారకం. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, పొడి ముక్కుకు తగలనివ్వద్దు.

బరంపురం విద్యార్థి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆకుపచ్చ వెలుగులో నిజంగానే చీకటి వచ్చింది. ఇంకొక సందేహం: సముద్రతీరాన ఉన్న గోపాలపురం వైపు నుంచి వచ్చే వానాకాలపు తేమకు పొర మెత్తబడి ముడుచుకుపోతోంది. అయోడిన్‌కు మారితే మేలా?

జవాబు (రాయగడ అధ్యాపకుడు):
మారవద్దు. అయోడిన్ పొర దృశ్యకాంతి మొత్తానికీ పనిచేస్తుంది, ధ్రువణ సామర్థ్యంలోనూ అదే మేలు. కానీ వేడికీ తేమకూ ముందుగా వెలిసిపోయేది అదే. మీ ఊరి గాలికి రంగు పొరే తట్టుకుంటుంది. సాగదీసిన పొరను క్లిప్పులు విప్పకుండానే బోరిక్ ఆమ్లపు ద్రావణంలో ముంచండి. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ దీనికి సరిపోతుంది. అది గొలుసుల మధ్య ముడులు వేస్తుంది. వెలిగారం మాత్రం వాడకండి, దానితో పాలీవినైల్ ఆల్కహాల్ జిగటముద్ద అవుతుంది. కర్మాగారాల్లో పొరకు రెండు వైపులా సెల్యులోజ్ ట్రైఅసిటేట్ పలకలు అతికిస్తారు. మీరు రెండు గాజు స్లైడుల మధ్య పెట్టి అంచులు మూసేయండి. పూర్తిగా ఆరేవరకు క్లిప్పులు ఉండాలి, లేకపోతే లాగిన పొర మళ్లీ వెనక్కి ముడుచుకుంటుంది.