టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్) చార్టులో చూడకుండా అంకెలు వేయమంటే ఏం చేయాలి?

చీపురుపల్లి అమ్మాయి

అందరికీ నమస్తే. విజయనగరంలో బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా ఇళ్ళలో ఈ చదువుకి వచ్చిందాన్ని నేనొక్కదాన్నే, అడగడానికి తెలిసినవాళ్ళు లేరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వచ్చే వారం మాకు ల్యాంప్ లైటింగ్, అంటే దీపాలు పట్టుకుని ప్రతిజ్ఞ చేసే ఫంక్షన్. నైటింగేల్ ప్రతిజ్ఞ బట్టీ పట్టమన్నారు. డాక్టరు గారి పనికి విధేయతతో తోడ్పడతాను అని అందులో ఒక వాక్యం ఉంది. అది చదువుతుంటే మొన్న పోస్టింగులో జరిగింది గుర్తొస్తోంది. ఏ ఆసుపత్రో చెప్పను. రౌండ్స్‌కి ముందు ఒక సీనియర్ సిస్టర్ చార్టుల కట్ట నా చేతిలో పెట్టి "పదింటి కాలమ్ నింపేయమ్మా, సార్ వచ్చేస్తున్నారు" అన్నారు. ఇంకా సగం మందిని చూడలేదండీ అంటే "ఆరింటికి ఏముందో దానికి అటూ ఇటూగా వేసెయ్, వీళ్ళంతా స్టేబులే" అన్నారు. నేను చూసినవాళ్ళవి వేసి మిగతావి ఖాళీగా ఉంచాను. రౌండ్స్‌లో సార్ అది చూసి ఆవిడని అందరి ముందూ నాలుగు మాటలన్నారు. అప్పట్నుంచి ఆవిడ నా మొహం చూడటం లేదు. ఫ్రెండ్స్ ఏమో "నీకెందుకే ఈ సత్యహరిశ్చంద్రుడి వేషం" అంటున్నారు.

ఫౌండేషన్స్ క్లాసులో చరిత్ర, ప్రమాణాలు, ఎథిక్స్ అని చెప్తున్నారు. వార్డులో వాటి ఊసే లేదు. పెద్దవాళ్ళు చెప్పింది వినడమే ప్రొఫెషన్ అయితే ఇవన్నీ దేనికి? వార్డుకి వెళ్ళాలంటేనే టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ హెడ్ నర్సు, శ్రీకాకుళం

అమ్మాయ్, ముందు ఆ ప్రతిజ్ఞ సంగతి తేల్చేద్దాం. దాన్ని నైటింగేల్ రాయలేదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక నర్సింగ్ స్కూలు నడిపే లిస్ట్రా గ్రెటర్, ఆవిడ కమిటీ కలిసి రాసి, గౌరవం కొద్దీ నైటింగేల్ పేరు పెట్టారు. మీ చేతికిచ్చే దీపం కూడా ఆవిడది కాదు. ఆవిడ రాత్రుళ్ళు పట్టుకు తిరిగింది మడతపడే టర్కీ లాంతరు. ఫంక్షన్ చక్కగా చేసుకోండి, అమ్మానాన్నల్ని పిలవండి, ఫొటోలు దిగండి. అంతేగానీ ఆ ఒక్క వాక్యం పట్టుకుని డాక్టరు మాటే వేదం అనుకోకు. నూట ముప్పై ఏళ్ళ కిందటి మాట అది.

ఆ తర్వాత చాలా మారింది. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో మొదటి నియమావళి తెచ్చినప్పుడు కూడా డాక్టరు ఆదేశాల్ని తెలివిగా, విధేయంగా పాటించాలనే ఉంది, అనైతికమైన పనిలో చెయ్యి పెట్టకూడదన్న మాటతో కలిపి. 1973లో దాన్ని తిరగరాసి, నర్సు మొదటి బాధ్యత సంరక్షణ అవసరమైన మనుషుల పట్ల అని తేల్చేశారు. మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2006లో ఇచ్చిన నియమావళిలోనూ రోగి హక్కులు, రోగి రహస్యాలు, మన పనికి మనం జవాబుదారీగా ఉండటం, ఇవే ఉంటాయి. కాబట్టి నీకు చార్టు ఇచ్చింది సిస్టరయినా, చూసేది డాక్టరయినా, అది మంచం మీదున్న మనిషిది.

ఇక అంకెలు. నైటింగేల్ అనగానే అందరికీ దీపం గుర్తొస్తుంది, నాకైతే ఆవిడ లెక్కలే గుర్తొస్తాయి. క్రిమియా యుద్ధం జరుగుతుండగా 1854 నవంబరులో 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి మిలటరీ ఆసుపత్రికి వెళ్ళేసరికి, చనిపోయినవాళ్ళ సంఖ్య ఒక రిజిస్టరుకీ ఇంకో రిజిస్టరుకీ పొసగడం లేదు. యుద్ధం ముగిశాక విలియం ఫార్ అనే గణాంకాల నిపుణుడితో కలిసి లెక్క తీస్తే, గాయాలతో పోయిన సిపాయిల కంటే కలరా, టైఫస్, విరేచనాలతో పోయినవాళ్ళే చాలా ఎక్కువని తేలింది. 1855 మార్చిలో శానిటరీ కమిషన్ వచ్చి మురుగు కాలవలు బాగుచేయించి గాలి ఆడేలా చేశాక చావులు ఎలా దిగివచ్చాయో కూడా ఆ లెక్కల్లోనే కనపడింది. వాటిని రంగుల బొమ్మలుగా గీయించి 1858లో అచ్చు వేయించారు. ఇండియాలో ఒక్కసారి కూడా అడుగు పెట్టకుండానే ఇక్కడి మిలటరీ స్టేషన్ల నుంచి కాగితాలు తెప్పించుకుని మన నీళ్ళ గురించీ మురుగు గురించీ ఏళ్ళ తరబడి రాశారు. స్కుటారిలో కూడా అందరూ "అటూ ఇటూగా వేసెయ్" అనుకుని ఉంటే ఆ బొమ్మల్లో ఏం మిగిలేది చెప్పు?

నేను ఏ వార్డుకి బదిలీ అయినా ముందు రెస్పిరేషన్, అంటే ఊపిరి లెక్క, కాలమే చూసేదాన్ని. ముసలాయనకి 20. ఆపరేషనయిన ఆవిడకి 20. ఆస్తమాతో మంచం మీద కూర్చుని ఎగశ్వాస తీస్తున్న మనిషికీ 20! ఆ వార్డు ఎలా నడుస్తోందో ఇంకెవర్నీ అడగక్కర్లేదు. బీపీకి కఫ్ కట్టాలి, టెంపరేచరుకి థర్మామీటరు పెట్టాలి, దానికోసమైనా మంచం దాకా వెళ్తారు. ఊపిరికి సామాను అక్కర్లేదు కనక ముందు ఎగిరిపోయేది అదే. తీరా చూస్తే మనిషి పరిస్థితి చెడుతున్నప్పుడు చాలాసార్లు బీపీ కంటే ముందే తేడా వచ్చేది ఊపిరిలోనే. పెద్దవాళ్ళకి నిమిషానికి 12 నుంచి 20 మామూలు. పొద్దున 18 ఉన్న మనిషికి మధ్యాహ్నం 26 వచ్చిందంటే డాక్టరుకి ఫోన్ చేయాల్సిందే.

మీ మేడమ్ చెప్పే ఉంటారు, అయినా ఇంకోసారి విను. పల్స్ చూడటం అయిపోయాక మణికట్టు వదలకు. పట్టుకునే ఉండి కళ్ళు మాత్రం ఛాతీ మీదికి తిప్పు. నిండా ఒక నిమిషం. "ఊపిరి లెక్కపెడుతున్నాను" అన్నావో, ఆ మనిషి ఊపిరి తీరే మారిపోతుంది. దుప్పటి మెడదాకా కప్పుకుని కనపడకపోతే, అతని చేతినే పొట్ట మీద ఆనించి పల్స్ చూస్తున్నట్టు ఉండు. నీ వేళ్ళ కింద చెయ్యి లేచి పడటం తెలుస్తుంది.

నువ్వు ఖాళీగా ఉంచింది సరైన పని. ఈసారి ఎవరెవరివి మిగిలాయో రౌండ్స్‌కి ముందే సిస్టర్ చెవిన వేయి, ఆవిడ అందరి ముందూ మాట పడకుండా ఉంటుంది. పదింటివి పది నలభైకి చూస్తే టైము పది నలభై అనే వేయి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, టైము. వైట్‌నర్ జోలికి వెళ్ళకు. రేపు ఏదైనా గొడవై కేస్ షీటు బయటికి వెళ్తే అందరి కళ్ళూ ముందు ఆ తెల్లమచ్చ మీదే పడతాయి. జరిగినదంతా మీ క్లినికల్ ఇన్‌స్ట్రక్టరుకి చెప్పు. సిస్టర్ మీద పితూరీలా కాదు, ఇలాంటప్పుడు నేనేం చేయాలండీ అని అడుగు.

నైట్‌డ్యూటీ నాగమణి

మేడమ్, గౌరవంతోనే అంటున్నాను. ఇవి రిటైరయ్యాక చెప్పడానికి బాగుంటాయి.

కౌన్సిల్ లెక్క ఏమిటి? టీచింగ్ ఆసుపత్రిలో ముగ్గురు రోగులకో నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికో నర్సు. నేను చేసే ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రిపూట ఇద్దరం, రోగులు ముప్పై పైమాటే. నిన్న రాత్రి ఒకావిడకి రక్తం ఎక్కుతోంది. మొదటి పావుగంట పక్కనే ఉండాలా వద్దా? అదే టైముకి అవతల గదిలో ఫిట్స్. ఇంకొకాయన సెలైన్ అయిపోయిందని వాళ్ళ కొడుకు కేకలు. చార్టు ఎప్పుడు చూడమంటారు? ఖాళీగా ఉంటే పొద్దున్నే ఇన్‌ఛార్జి చేత చివాట్లు, రెండోసారి మెమో. జీతం చెప్పుకుంటే సిగ్గుచేటు.

ఆ సీనియర్ సిస్టర్‌ని విలన్‌ని చేయకండి. ఆవిడ పొద్దుట్నుంచి నీళ్ళయినా తాగిందో లేదో.

ఉద్దానం తమ్ముడు

నేను ఉద్దానంలో డయాలసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్సుని. మగ నర్సుని కాబట్టి అందరూ "డాక్టర్ బాబు" అంటారు, కాదని ఎన్నిసార్లు చెప్పినా వినరు.

చెల్లీ, మా దగ్గర అటూ ఇటూగా వేయడం కుదరదు. నాలుగు గంటలు మెషీన్ మీద ఉంటారు, అరగంటకోసారి బీపీ, కొంతమందికి పావుగంటకోసారి. ఒంట్లోంచి నీరు లాగుతున్నప్పుడు బీపీ ఒక్కసారిగా జారిపోతుంది. కొందరికి ఆవలింతలు వస్తాయి, చెమట పడుతుంది, "కళ్ళు తిరుగుతున్నాయి బావూ" అంటారు. కొందరు ఒక్క మాటా అనరు, కునుకు తీస్తున్నట్టే ఉంటారు. ఇందాక 130 ఉంది కదా అని ఇప్పుడూ 130 వేస్తే ఆ కునుకు సంగతి ఎవరికి తెలుస్తుంది? తూకం కూడా అంతే. చెప్పులతో, చేతిలో టిఫిన్ సంచితో కాటా ఎక్కేస్తారు. అది అలాగే రాసేస్తే మెషీన్‌లో ఎంత నీరు తీయాలన్న లెక్కే తప్పుతుంది, చెప్పులు విప్పించి మళ్ళీ ఎక్కించాల్సిందే. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ కట్టొద్దు, సూది గుచ్చొద్దు. ఎప్పుడైనా ఇటు పోస్టింగ్ వేస్తే ఆ చేతి మీద వేళ్ళు ఆనించి చూడు, లోపల జుమ్మని తగలాలి. తగలకపోతే వెంటనే చెప్పాలి.

ఎథిక్స్ వార్డులో లేవన్నావు కాబట్టి ఇంకొకటి. సంబంధాలు చూసే సీజన్లో నాకు ఫోన్లు వస్తాయి. "ఫలానా వాళ్ళ నాన్న మీ దగ్గరికి వస్తున్నాడటగా, ఏటి సంగతి? మనోళ్ళేలే, చెప్పు." కవిటి, సోంపేట, మందస, పలాస, ఎటు చూసినా కిడ్నీ జబ్బున్న ఇల్లు కనపడుతుంది, ఆడపిల్ల పెళ్ళి దాంతో ముడిపడిపోతుంది. అడిగేవాళ్ళు చుట్టాలు, ఎదురింటివాళ్ళు, ఒక్కోసారి మా అత్తగారి వైపువాళ్ళు కూడా. "లేదు" అంటే అబద్ధం, "అవును" అంటే ద్రోహం. నేను అందరికీ ఒకే మాట చెప్తాను: "మా దగ్గరికి ఎవరొస్తారో చెప్పకూడదండి, మీ గురించి అడిగినా ఇంతే." మొదట్లో పొగరనేవారు. ఇప్పుడు అడగడం తగ్గించారు.

రిటైర్డ్ హెడ్ నర్సు, శ్రీకాకుళం

నాగమణీ, నీ మాటలో అబద్ధం లేదు. ఆ సిస్టర్‌ని నేనూ విలన్ అనను. ఇద్దరితో ముప్పై మందిని నడిపించే మేనేజ్‌మెంట్‌ని ఏమనాలో మాత్రం ఇక్కడ రాయలేను.

కానీ ఒకటి చూడు. చూడని అంకెలతో చార్టు నిండుగా ఉన్నంతకాలం, ఇద్దరితోనే ముప్పై మందికీ అంతా సవ్యంగా జరిగిపోయిందని మనమే రాసి సంతకం పెట్టి ఇస్తున్నాం. మూడో మనిషిని వాళ్ళెందుకు పెడతారు? నీ కష్టం చార్టులోంచి నువ్వే చెరిపేసుకుంటున్నావు. ఖాళీ గడి పెట్టి ఊరుకోమని నేను అనడం లేదు. కారణం రాయి. "రక్తం ఎక్కిస్తున్న పేషెంట్ దగ్గర ఉన్నందున ఆరింటి వైటల్స్ ఆరు యాభైకి చూడటమైనది. స్టాఫ్ ఇద్దరు, పేషెంట్లు ఇంతమంది." నైట్ రిపోర్టు బుక్కులో రోజూ ఆ చివరి వాక్యం ఉండాలి, కోపం లేకుండా, తేదీ వేసి. ఇంకో మాట, ముప్పై మందిలో ముందు చూడాల్సినవాళ్ళు ఆరేడుగురుంటారు. రక్తం ఎక్కుతున్నావిడ, ఆ రోజే ఆపరేషనయినవాళ్ళు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళు, డ్యూటీ అందుకున్నప్పుడు నీ మనసుకి సరిగ్గా లేడనిపించిన మనిషి. వాళ్ళతో మొదలుపెట్టు. రేపు డిశ్చార్జి అయ్యే కుర్రాడిది ఆలస్యమైతే కొంప మునగదు.

ఇలా రాయిస్తే ఫలితం ఉంటుందా అంటే, ఒక వార్డులో ఏడాది తిరిగేలోగా ఇంకో పోస్టు వేశారు. ఇంకో వార్డులో నాకే మెమో ఇచ్చారు, ఎందుకు ఇలా రాయిస్తున్నావని. ఆ మెమోకి జవాబుగా అదే రిపోర్టు బుక్కు పేజీల కాపీలు జతచేశాను. తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు, పోస్టు కూడా రాలేదు.

మరో సంగతి. నర్సు అంటే ఎవరు, ఏం చదవాలి, ఎక్కడ రిజిస్టరవ్వాలి అన్నవి ఊరికే రాలేదు. మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండగా 1926లో నర్సుల చట్టం వచ్చింది, దేశం మొత్తానికి కౌన్సిల్ చట్టం 1947లో, ఇప్పుడు దాని స్థానంలో కమిషన్ అంటూ 2023లో ఇంకో చట్టం చేశారు. నీ పేరు పక్కన రిజిస్ట్రేషన్ నంబరు ఉందంటే చార్టు మీద సంతకం మేనేజ్‌మెంట్‌ది కాదు, నీదే. గొడవైతే వాళ్ళు చూపించేదీ నీ సంతకమే.

ఉద్దానం బాబూ, నీ జవాబు బాగుంది. "మీ గురించి అడిగినా ఇంతే" అన్నది నేను మా కోడలికి చెప్తాను, తను ల్యాబ్‌లో చేస్తుంది.

చీపురుపల్లి అమ్మాయి

మేడమ్ గారికి, అన్నయ్యకి, నాగమణి అక్కకి థాంక్స్. అక్కా, నేను ఆవిడని చెడ్డగా అనలేదు, నా భయం కొద్దీ రాశాను.

ఇవాళ మా ఇన్‌స్ట్రక్టర్ మేడమ్‌తో మాట్లాడాను. రేపట్నుంచి ఒక్కో స్టూడెంటుకి నాలుగు మంచాలు రాసిస్తామన్నారు, ఆ నలుగురి వైటల్స్‌కి మేమే జవాబు చెప్పాలట. సిస్టర్ దగ్గరికి వెళ్ళి "నా వల్ల మీరు మాట పడ్డారు, ముందే చెప్పాల్సింది" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు గానీ మధ్యాహ్నం "ఏడో నంబరుకి బీపీ చూసి నాకు చెప్పు" అని పిలిచారు.

ఒక డౌట్. ఇంటర్నల్స్‌లో ప్రతిజ్ఞ ఎవరు రాశారని అడిగితే మా సీనియర్ల నోట్సులో నైటింగేల్ అనే ఉంది. ఏది రాయాలి? ఇంకోటి, ఊపిరి లెక్కకి ఫోన్‌లో స్టాప్‌వాచ్ వాడొచ్చా?

రిటైర్డ్ హెడ్ నర్సు, శ్రీకాకుళం

లిస్ట్రా గ్రెటర్, 1893 అనే రాయి. మార్కు తీసేస్తే మీ మేడమ్‌తో మర్యాదగా వాదించు. ఫోన్ వద్దు. ఒక చెయ్యి మణికట్టు మీద ఉండాలి, ఫోన్ తీస్తే నువ్వు వాట్సాప్ చూస్తున్నావనుకుంటారు, పైగా ఆ ఫోన్ ఎక్కడెక్కడ పెట్టి ఉంటావో. సెకన్ల ముల్లున్న మామూలు వాచీ ఒకటి కొనుక్కుని యూనిఫారం జేబుకి పిన్నుతో తగిలించుకో. చేతికి పెట్టుకుంటే చేతులు కడిగినప్పుడల్లా తీయాలి.